ఉద్దానం నుంచి అమెరికా వచ్చినవాళ్లు మొదటిసారి డాక్టరును కలిసేటప్పుడు

"ఒంట్లో బాగానే ఉంది కదన్నా, మరి డాక్టరు దగ్గరికి ఏటికి?" అని ఈ మధ్య సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగింది. మన శ్రీకాకుళంలో అలవాటు అదే. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, తగ్గకపోతే పలాసలోనో టౌన్‌లోనో ప్రైవేటు డాక్టరు, అప్పటికీ లొంగకపోతే విశాఖ కేజీహెచ్. అమెరికాలో ఆ వరస నడవదు. ముందే ఒక ప్రైమరీ కేర్ డాక్టరును, అంటే ఏ జబ్బుకైనా మొదట చూపించుకునే డాక్టరును, చూసి పెట్టుకోవాలి. కొత్త పేషెంటుకు చాలాచోట్ల వారాల తర్వాతగానీ అపాయింట్‌మెంట్ దొరకదు. అందుకే ఇన్సూరెన్స్ కార్డు చేతికి రాగానే ఫోన్ చేయండి. ఆ డాక్టరు మీ ప్లాన్ నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లలో) ఉన్నారా, కొత్తవాళ్లను తీసుకుంటున్నారా అని క్లినిక్ వాళ్లనే అడగండి. ఇన్సూరెన్స్ వెబ్‌సైటులో ఉండే జాబితా పాతదై ఉండొచ్చు. మీది హెచ్‌ఎంఓ అనే రకం ప్లాన్ అయితే (కార్డు మీద చూడండి), స్పెషలిస్టును చూడాలంటే సాధారణంగా ఈ డాక్టరు రిఫరల్, అంటే ఫలానా చోటికి పంపుతున్నామనే సిఫారసు, ఉండాల్సిందే.

ఈ మొదటి అపాయింట్‌మెంట్‌లో వైద్యం తక్కువ, మాటలు ఎక్కువ. మీకు ఇంతకుముందు ఏం జబ్బులు వచ్చాయి, ఆపరేషన్లు ఏమైనా జరిగాయా, ఏ మందు పడదు, ఇంట్లో ఎవరికి ఏముంది అని అడిగి అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తారు. అక్కడ కూర్చుని గుర్తు తెచ్చుకుందామంటే సగం రాదు. ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లు విమానం ఎక్కకముందే ఈ పని పెట్టుకోండి. పిల్లల టీకాల కార్డులు, పాత రిపోర్టులు ఫోటో తీసుకోండి. వాడే మాత్రల స్ట్రిప్ వెనకవైపు మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కనబడేలా ఫోటో ఉండాలి. మన కంపెనీల బ్రాండ్ పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియవు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నామని కూడా చెప్పండి. ఆ టీకా వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ రావొచ్చు. రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి అదే చేయమని అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ల జబ్బుల గురించి అమ్మనో పెద్దమ్మనో దగ్గర కూర్చోబెట్టుకుని అడగాలి. "తాతకి ఏమైంది?" అంటే జబ్బు పేరు చెప్పరు. "కాళ్లూ మొహం వాచిపోయాయి, అన్నం సయించలేదు, ఆరు నెలలు తిరక్కుండా పోయారు" అంటారు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి. అప్పటికి ఆయన వయసెంతో, షుగరు, బీపీ ఉండేవో లేదో కూడా అడిగి పక్కన రాయండి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్లకు, అంటే మన ఉద్దానం వాళ్లకు, ఈ కాగితం మరీ ముఖ్యం. మన దగ్గర కిడ్నీ జబ్బు షుగరూ బీపీ లేనివాళ్లకూ వస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఇక్కడి డాక్టరుకు ఉద్దానం పేరు తెలిసి ఉంటుందని అనుకోకండి. మీరే చెప్పాలి: "మా ప్రాంతంలో కారణం తెలియని క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఎక్కువ, మా ఇంట్లో ఫలానావాళ్లకు వచ్చింది." మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లోనూ, శ్రీలంక రైతుల్లోనూ ఇలాంటిదే ఉందని ఒక ముక్క కలపండి. వాటి గురించి విన్న డాక్టర్లకు విషయం వెంటనే అర్థమవుతుంది.

ఆ తర్వాత సీరం క్రియాటినిన్ (రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం), ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలు రాయమని నోరు తెరిచి అడగండి. మూత్రపరీక్ష ఒక్కటే బాగుందని ఊరుకోవద్దు. మన ప్రాంతపు జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. ఒంట్లో తేడా కూడా తెలియదు. ఈజీఎఫ్‌ఆర్ మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దాన్ని కిడ్నీ జబ్బుగానే లెక్కిస్తారు. నొప్పి మాత్రల సంగతీ అప్పుడే మాట్లాడండి. అడ్విల్, అలీవ్ లాంటివి ఇక్కడ సరుకుల కొట్లో కూడా దొరుకుతాయి. ఒళ్లు నొప్పులని రోజూ వేసుకుంటే కిడ్నీకి మంచివి కావు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోవద్దు.

ఆ రోజు పావుగంట ముందే వెళ్లండి, ఫారాలు నింపాలి. ముందు మెడికల్ అసిస్టెంట్ వచ్చి బరువు, ఎత్తు, బీపీ చూస్తారు. మందు తాగుతారా, సిగరెట్ ఉందా, రెండు వారాలుగా మనసు బాగాలేదా, ఇంట్లో భయం లేకుండా ఉంటున్నారా అని అడుగుతారు. అందరినీ అడిగేవే, తప్పుగా తీసుకోకుండా ఉన్నది చెప్పండి. భార్యను అడిగిన ప్రశ్నకు భర్త జవాబు చెప్పడం చాలాసార్లు చూశాను. అది నాకు అస్సలు నచ్చదు. ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. ప్రభుత్వ నిధులు తీసుకునే క్లినిక్‌లు ఉచితంగా ఏర్పాటు చేయాలి. చాలాచోట్ల ఫోన్లోనే చేస్తారు. సూది, సెలైన్ ఉండవు. జలుబుకు యాంటీబయాటిక్ రాయరు. రాసిన మందు మీరు చెప్పిన ఫార్మసీకి కంప్యూటర్లోనే వెళ్లిపోతుంది.

డబ్బుల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. 2010 నాటి చట్టం ప్రకారం జబ్బు రాకముందే ఏడాదికోసారి చేసే ప్రివెంటివ్ చెకప్‌కు చాలా ప్లాన్లలో, నెట్‌వర్క్ డాక్టరు దగ్గరైతే, మీరు ఏమీ కట్టక్కర్లేదు. అదే అపాయింట్‌మెంట్‌లో "మోకాలు నొప్పి కూడా ఉంది" అంటే దానికి వేరే బిల్లు రావొచ్చు. కిడ్నీ పరీక్షలు కూడా ఆ ఉచితం లెక్కలోకి రాకపోవచ్చు. కొంత కట్టాల్సి వచ్చినా సరే, చేయించుకోండి. తర్వాత ఇన్సూరెన్స్ నుంచి వచ్చే ఈఓబీ కాగితం (దేనికి ఎంత అయింది, వాళ్లు ఎంత కడుతున్నారు అనే వివరం) బిల్లు కాదు. దాన్ని చూసి టెన్షన్ పడి డబ్బు కట్టేయొద్దు.

రిపోర్టులు చాలాసార్లు డాక్టరు కంటే ముందే మీ ఫోన్లోని పోర్టల్‌లోకి (క్లినిక్ వాళ్లు పేషెంట్లకు ఇచ్చే ఆన్‌లైన్ ఖాతాలోకి) వస్తాయి. క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ అంకెలు తేదీతో రాసి పెట్టుకోండి. ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా అవే పరీక్షలు చేయించమని చెప్పండి. పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది, విశాఖ దాకా పోనక్కర్లేదు. వాళ్ల రిపోర్టుల ఫోటోలు తెప్పించుకుని మీ కాగితంలో చేర్చండి. వచ్చే ఏడాది డాక్టరు ఇంట్లోవాళ్ల సంగతి మళ్లీ అడుగుతారు.