ఈసీజీ నార్మల్ వచ్చిందని వదిలేయకండి

బెంగళూరు మారతహళ్ళి ఇంట్లో రెండంతస్తులెక్కితే నాన్నగారికి ఛాతీ పట్టేస్తోందని, ఆగితే 5 నిమిషాల్లో తగ్గుతోందని, ఈసీజీ నార్మల్ కాబట్టి గ్యాసే అన్నారని రాశారు. నాకైతే గ్యాస్‌లా అనిపించడం లేదండీ. శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గడం యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) తీరు. మామూలు ఈసీజీ పట్టేది 10 సెకన్లే. పైగా పడుకుని ఉన్నప్పుడు గుండెకు రక్తం సరిపోతుంది, కాబట్టి తేడా కనిపించకపోవచ్చు. ఆయనకు షుగర్ కూడా ఉందంటున్నారు, ఇంకా అనుమానించాలి.

రెండు మూడు రోజుల్లోనే కార్డియాలజిస్టుకి చూపించండి. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ గుండె ఆసుపత్రి ఉంది కదా. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (నడిపిస్తూ తీసే ఈసీజీ), సీటీ యాంజియో (గుండె రక్తనాళాల స్కాన్)ల్లో ఏది కావాలో వాళ్ళే చెబుతారు. అప్పటిదాకా మెట్లు వద్దు.

ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా వెంటనే 108కి చేయండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బైక్ మీద మాత్రం వద్దు! ఆసుపత్రిలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) మొదటిసారి నార్మల్ వచ్చినా కొన్ని గంటలకు మళ్ళీ చేస్తారా అని అడగండి.