పెద్ద పంపు కొనే ముందు ఫిల్టరు సైజు చూడండి

సాగర్‌నగర్‌లోని మీ ఇంటి ఈతకొలనులో రోజుకు ఆరు గంటలు పంపు నడిపినా నీరు తేటపడటం లేదనీ, పంపు చప్పుడు చేస్తోందనీ, ఒకటిన్నర హెచ్‌పీ పంపు తీసేసి రెండు హెచ్‌పీ పెట్టమని ప్లంబరు అంటున్నారనీ రాశారు. వద్దండి. రుషికొండ దగ్గర మా ఇంట్లో నేను సరిగ్గా ఆ పనే చేసి డబ్బు పోగొట్టుకున్నాను.

మా కొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరుంపావు లోతు ఉంటుంది. అంటే 40 వేల లీటర్ల నీరు. ఇసుక ఫిల్టరు వ్యాసం 600 మిల్లీమీటర్లు. ఇలాంటి ఫిల్టరులో చదరపు మీటరు ఇసుక గుండా గంటకు 50 ఘనపు మీటర్లకు మించి నీరు పోనివ్వకూడదు కాబట్టి, మా ఫిల్టరు తట్టుకోగలిగింది గంటకు 14 వేల లీటర్లే. పాత పంపే అంతకంటే ఎక్కువ తోసేది. రెండు హెచ్‌పీ పెట్టాక, ఇసుకలో చిక్కుకోవలసిన సన్నని మురికి నీటి వేగానికి దూసుకుపోయి తిరిగి కొలనులోకే చేరింది. పైగా కొలను నుంచి పంపుకు నీరు లాగే 50 మిల్లీమీటర్ల సక్షన్ పైపు అంత నీటిని అందించలేక, పంపు గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేసేది.

మీ పంపు చప్పుడుకు మాత్రం ముందు స్ట్రెయినరు (పంపు ముందు చెత్త పట్టే బుట్ట) మూత చూడండి. పంపు నడుస్తుండగా ఆ పారదర్శకపు మూత కింద బుడగలు కనిపిస్తే గాలి లాగుతున్నట్టే. మా మూత కింది రబ్బరు వలయం (ఓ-రింగు) మీద ఒక్క ఇసుక రేణువు, చుట్టూ తెల్లగా ఉప్పు పొర ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచి సిలికాన్ గ్రీజు రాయగానే చప్పుడు సగం తగ్గింది. వాజిలీన్ రాయకండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

చివరకు నేను వేగం మార్చుకోగలిగే పంపు కొన్నాను. వేగం సగానికి తగ్గిస్తే నీరు సగమే వస్తుంది గానీ, లెక్క ప్రకారం కరెంటు వాడకం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారులో, దాని వేగం మార్చే డ్రైవులో జరిగే నష్టాల వల్ల అంత పూర్తిగా దక్కదు. అయినా రోజుకు 12 యూనిట్లు తినే చోట ఇప్పుడు ఎనిమిది గంటలు నెమ్మదిగా నడిపినా మూడు యూనిట్లు దాటడం లేదు, నీరూ అడుగున పలకల గీతలు కనిపించేంత తేటగా ఉంది. బ్యాక్‌వాష్, అంటే నీటిని వెనక్కి తోసి ఇసుకను కడగడం, చేసేటప్పుడు మాత్రం వేగం పెంచాలి. నెమ్మదిగా పారే నీటికి ఇసుక పైకి లేవదు, మురికి వదలదు. ఫిల్టరు మీది పీడనం చూపే గేజి, ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పటి అంకె కంటే 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ వేళ అయినట్టే. వేగం మారిస్తే ఆ అంకె కూడా మారుతుంది కనుక, ఎప్పుడూ ఒకే వేగం దగ్గర పోల్చుకోండి.

ఇక మన ఊరి ఉప్పుగాలి సంగతి. డ్రైవులోని ఎలక్ట్రానిక్ బోర్డుకు తేమా, వేడీ రెండూ పడవు. నేను పంపు చుట్టూ గోడ కట్టించి, గాలి సందులు సముద్రానికి ఎదురుగా కాక వెనకవైపు పెట్టించాను. ప్లాస్టిక్ పట్టా చుట్టితే వానకు ఆగుతుంది గానీ లోపల మోటారు ఉడికిపోతుంది. పంపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే, పంపు మార్చినా మార్చకపోయినా, అది ముందుగా ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి.