పోపా, తాలింపా, తిరగమోతా?

సందేహం: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నెలకోసారి ఆరేడు ఇళ్ల వాళ్లం తలా ఒక వంట చేసి తెచ్చుకుని, ఒకరి చిట్కాలు ఒకరికి చెప్పుకుంటాం. మాది కాకినాడ దగ్గర, మేం పోపు అంటాం. గుంటూరు ఆవిడ తాలింపు అంటుంది. నెల్లూరు ఆవిడ తిరగమోత అంటే, ప్రొద్దుటూరు ఆవిడ తిరగవాత అంటుంది. వీటిలో ఏది సరైన మాట? ఇంకొకటి, ఈ మధ్య వంట చెప్పేవాళ్లందరూ ‘వేసుకోండి, కలుపుకోండి, దించుకోండి’ అంటున్నారు. అది తప్పు తెలుగని మావారు కోప్పడతారు. తప్పేనా? ఆఖరుగా, కంఫర్ట్ ఫుడ్‌ను తెలుగులో ఏమంటారని మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ వంటల కబుర్లలో నాకూ ఒక విస్తరి వేశారు, సంతోషం.

మీరు చెప్పిన నాలుగు మాటల్లో తప్పు మాట ఒక్కటీ లేదు. ఇక్కడితో ఆపేస్తే మీ పంచాయతీ తేలదు కాబట్టి ఒక్కోదాన్నీ విప్పి చూద్దాం.

ముందు నెల్లూరు ఆవిడ మాట. దాని పాత రూపం తిరుగఁబోత. తిరుగ అంటే మళ్లీ. కోయడం కోత, రాయడం రాత అయినట్టే పోయడం పోత. మళ్లీ పోసేది తిరుగఁబోత. ‘తిరుగన్’ చివర నకారం ఉంది గనుక పక్కనున్న ప కాస్తా బ అయింది. బళ్లో సరళాదేశ సంధి అని వల్లె వేసింది ఇదే. ఆ నకారం తాలూకు మిగులే మధ్యలో కనబడే అరసున్న. ముక్కుతో పలికే ఆ అరసున్న పక్కన ఉండీ ఉండీ బ చివరికి మ అయిందని నా ఊహ. పైగా కాగిన నెయ్యి చారులో పడగానే చుయ్‌మని మోత మోగుతుంది కదా, తిరగ‘మోత’ నాలుక మీద కుదురుకోవడానికి ఆ చప్పుడూ కొంత సాయం చేసి ఉంటుంది. ప్రొద్దుటూరు వైపు అదే బ పలచబడి వ అయింది. కాబట్టి వాళ్లిద్దరూ అంటున్నది ఒకటే మాట.

‘మళ్లీ పోయడం’ అని ఎందుకన్నారో తెలియాలంటే చారు పెట్టేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడాలి. చింతపండు రసంలో ఉప్పు, పసుపు, చారుపొడి వేసి మరిగిస్తారు. రెండు పొంగులు వచ్చాక దించుతారు. చారు అయిపోయినట్టే. అప్పుడు గుంటగరిటెలో చెంచాడు నెయ్యి వేసి, గరిటెనే మంట మీద పట్టుకుంటారు. ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిరపకాయ ముక్క, చిటికెడు ఇంగువ, ఆఖర్న కరివేపాకు. మెంతులు వేసే అలవాటుంటే వాటి మీద ఒక కన్ను ఉండాలి, మాడాయంటే చారంతా చేదే. ఆ గరిటెను అలాగే చారులో ముంచి, వాసన పోకుండా టక్కున మూత పెట్టేస్తారు. అయిపోయిన వంట మీద మళ్లీ పోశారు కాబట్టి అది తిరుగఁబోత. ఈ లెక్కన ముందే నూనెలో ఆవాలు వేసి, ఆపైన వంకాయ ముక్కలు వేసే కూరకు తిరగమోత అనకూడదు. కానీ దానికీ అంటున్నారు. ఆ ‘మళ్లీ’ సంగతి ఎప్పుడో మరుపున పడింది.

ఇక మీ పోపు. కాయు నుంచి కాత, కాపు అని రెండు మాటలు వచ్చాయి. మామిడి ఈ ఏడు కాత బాగుందన్నా, కాపు బాగుందన్నా ఒకటే. అలాగే పోయు నుంచి పోత, పోపు వచ్చాయనుకుంటే మీ పోపూ నెల్లూరు తిరగమోతా అక్కచెల్లెళ్లవుతాయి. నాకు ఇదే సబబుగా తోస్తోంది.

గుంటూరు ఆవిడ తాలింపు మాత్రం వేరే ఇంటి పిల్ల. తాలించు అనే క్రియ నుంచి వచ్చింది, తాళింపు అనే రూపమూ ఉంది. తమిళంలో తాళిప్పు, మలయాళంలో తాళిక్కుక దీని చుట్టాలే. కన్నడిగులు వీటి జోలికి పోకుండా ఒగ్గరణె అంటారు. మీరుండే హైదరాబాద్‌లో ఐదో మాట కూడా ఉంది, ఉర్దూ బఘార్. అదే బగారా అయి, తెలంగాణ పెళ్లి భోజనాల్లో ఏకంగా అన్నం పేరే అయి కూర్చుంది. బగారా అన్నం అంటే తాలింపు పెట్టిన అన్నమే. బగారా బైంగన్ సంగతీ అంతే. మీ ఆరేడు ఇళ్లలో తెలంగాణ ఆవిడ ఎవరూ లేరా? ఉంటే ఆవిడ ఏమంటారో కూడా అడిగి రాయండి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వేసింది. ఏ జిల్లా రైతు ఏ మాట అంటే ఆ మాటే అందులో ఎక్కింది. వంటింటికీ అదే పద్ధతి. డబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తాలింపు అనేవాళ్లలో కూడా చాలామంది పోపుల డబ్బా అనే అంటారు. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బులు దాచుకునే చోటు కూడా అదే కదా, దాని పేరు కదిలించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదేమో.

రెండో సందేహం. మీవారి చెవి మంచిదే, తీర్పే కాస్త కఠినంగా ఉంది.

క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాళ్లకే దక్కుతుంది. ‘పిల్లకు జడ వేసింది’, ‘జడ వేసుకుంది’. ‘అన్నం వండాను’ అంటే ఎవరి కోసమైనా కావచ్చు, ‘వండుకున్నాను’ అంటే నా కోసం. విస్తరి ముందు కూర్చున్న చుట్టంతో ‘ఉప్పు వేసుకోండి’ అంటాం. పొయ్యి దగ్గరున్న కోడలితో ‘ఉప్పు వెయ్యమ్మా’ అంటాం. ఆవిడతో ‘వేసుకో’ అంటే కూరలో కాదు, తన కంచంలో వేసుకుంటుంది!

కొనుకు ఇంకో పని ఉంది. తర్వాత అవసరమయ్యేదాన్ని ముందే సిద్ధం చేసి ఉంచడం. ‘చింతపండు నానబెట్టుకోండి’, ‘ఉల్లిపాయలు తరిగి పెట్టుకోండి’ అన్నప్పుడు అది ఉండాల్సిందే. పైగా ముక్కూ మొహం తెలియనివాళ్లతో ‘వెయ్యండి, కలపండి’ అంటే అజమాయిషీ చేసినట్టుంటుందని చెప్పేవాళ్లకు బెరుకు. ‘వేసుకుందాం’ అంటే పక్కనే నిలబడి చెప్పినట్టుంటుంది. అందుకని తప్పు అనను. అయితే వరసగా అన్ని క్రియలకూ తగిలిస్తే వినడానికి ఇలా ఉంటుంది:

‘స్టవ్ ఆన్ చేసుకుని, పాన్ పెట్టుకుని, ఆయిల్ వేసుకుని, హీట్ అయ్యాక ఆవాలు యాడ్ చేసుకుని, వంకాయలు యాడ్ చేసుకుని, వాటర్ యాడ్ చేసుకుని, కుక్ చేసుకుని దించుకోవాలి.’

దీన్నే ఇంట్లో పెద్దావిడ చెబితే: ‘బాణలిలో నూనె కాగాక ఆవాలు వెయ్యి. చిటపటమన్నాక వంకాయ ముక్కలు వేసి మూత పెట్టి మగ్గనివ్వు. అరగ్లాసు నీళ్లు పోసి, ఇగిరాక దించు.’

ఇంగ్లీషు మాటలు దొర్లాయని నా బాధ కాదు. స్టవ్, కుక్కర్, మిక్సీ ఎప్పుడో మనవైపోయాయి. సిమ్‌లో పెట్టమంటే మా ఇంట్లోనూ పెడతారు. నాకు పేచీ ఆ ‘యాడ్ చేయడం’తోనే. ఆవాలు వేస్తాం, నీళ్లు పోస్తాం, కొత్తిమీర చల్లుతాం, నిమ్మకాయ పిండుతాం. ఒక్కో మాటకూ చెయ్యి ఒక్కోలా కదులుతుంది. యాడ్ చేసేసరికి ఆ చెయ్యి కనబడదు. ‘హీట్ అవడం’, ‘కుక్ అవడం’ కూడా అంతే. నూనె కాగుతుంది, చారు మరుగుతుంది, పాలు పొంగుతాయి, పప్పు ఉడుకుతుంది, అప్పడం కాలుతుంది, వంకాయ మగ్గుతుంది, ఆవకాయ ఊరుతుంది. మగ్గనివ్వమంటే చాలు, మూత పెట్టాలని, మంట తగ్గించాలని, అప్పుడే నీళ్లు పోయకూడదని కొత్తగా నేర్చుకునే పిల్లకు విడిగా చెప్పనక్కర్లేదు.

మన కూరల పేర్లు కూడా ఈ క్రియల్లోంచి పుట్టినవే. నీరు ఇగిరితే ఇగురు, పులిస్తే పులుసు, వేపితే వేపుడు, ఊరిన కాయ ఊరగాయ. అన్నం వారుస్తాం, పచ్చడి నూరుతాం, మజ్జిగ చిలుకుతాం, పులిహోర కలుపుతాం, చారు కాస్తాం లేదా పెడతాం. అట్టు పోస్తాం, మళ్లీ ఆ పోయడమే! ఆవకాయ పెడతాం. ‘ఈసారి ఆవకాయ చేశాను’ అని ఎవరైనా అంటే నా చెవికి ఉప్పు తగ్గినట్టుంటుంది.

మీ అమ్మాయి ప్రశ్న ఇంకా బాగుంది. ఎవరో ఒకరు ‘సాంత్వనాహారం’ అని తయారుచేసి మీ ముందు పెడతారు, ముట్టుకోకండి. మనవాళ్లు ఆ తిండికి విడిగా పేరు పెట్టలేదు. అది తిన్నాక ఏమవుతుందో చెప్పుకున్నారు. ‘ప్రాణం లేచొచ్చింది’ అన్నారు, ‘కడుపు చల్లబడింది’ అన్నారు, ‘నోటికి హితవుగా ఉంది’ అన్నారు. ఈ మూడోదాన్ని మీ అమ్మాయికి చెప్పండి. జ్వరపడి లేచినవాళ్లు ‘నోటికి ఏదీ హితవు కావడం లేదు’ అంటారు. ఖరీదైనవన్నీ ముందు పెట్టినా నోరు వద్దంటుంది, ఒక ముద్ద మాత్రం రానిస్తుంది. అది కాకినాడలో ముద్దపప్పు, నెయ్యి కావచ్చు, ప్రొద్దుటూరులో ఉగ్గాని కావచ్చు, తెలంగాణలో పచ్చిపులుసు కావచ్చు. ఇంకొకరికి చద్దన్నంలో పెరుగు, పక్కన పచ్చి ఉల్లిపాయ. ఇవన్నీ ‘హితవైన తిండి’ అంటే తెలుగు వచ్చినవాళ్లెవరికైనా తెలుస్తుంది. హితవు చెప్పడం అని కూడా అంటాం కదా, మీ నెలనెలా కలయికల్లో వంటలూ హితవే, వాటితో వచ్చే చిట్కాలూ హితవే. మీ అమ్మాయి కంఫర్ట్ ఫుడ్ అనే అన్నా కొంపేమీ మునగదు, కాకపోతే ఆ హితవు ఏమిటో మీ నోట ఒకసారి విననివ్వండి.

చిన్నప్పుడు జ్వరం తగ్గిన రోజున మా అమ్మ ‘ఏం తింటావు’ అని అడిగేది కాదు, ‘నోటికి ఏం హితవుగా ఉంటుందిరా’ అని అడిగేది. నా జవాబు ఎప్పుడూ చారన్నం, కాల్చిన అప్పడం. గుంటగరిటె మంట మీద పెట్టి అమ్మ తిరగమోత అనేది, పక్కన పీట మీద కూర్చున్న నాన్నమ్మ పోపు మాడుతుందేమో చూడమనేది. వాళ్లిద్దరిలో ఎవరిది సరైన మాటో అడగాలని అప్పట్లో నాకు తోచలేదు. గిన్నె మీద మూత ఎప్పుడు తీస్తారా అని చూస్తూ కూర్చునేవాణ్ణి.