పుదీనాకు గోంగూర పద్ధతి పనికిరాదు

ప్రశ్న: పుదీనా పచ్చడి ఎన్నిసార్లు చేసినా నల్లబడి చేదుగా వస్తోంది. ఆకు తాజాదే తెస్తున్నాను. గోంగూరలాగే నూనెలో బాగా మగ్గనిచ్చి, పోపుతో కలిపి మిక్సీలో మెత్తగా రుబ్బుతున్నాను. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ మగ్గించడంలోనే ఉందమ్మా. గోంగూర మగ్గేకొద్దీ పులుపు తేలి రుచికి వస్తుంది. పుదీనా సంగతి వేరు. దాని పరిమళమంతా ఆకులోని నూనెది, వేడి తగిలితే ఆవిరితో పాటు లేచిపోతుంది. వంటిల్లంతా ఘుమఘుమలాడిందంటే పచ్చడిలో అంత తగ్గినట్టే. హైదరాబాదు బిర్యానీలో ఆకును పొరల మధ్య చల్లి మూత బిగించేస్తారు చూడండి, ఆ ఆవిరి గిన్నె దాటకుండా అన్నానికే పడుతుంది.

ఈసారి ఇలా చేయండి. రెండు కప్పుల ఆకుకు చెంచాడు చొప్పున శనగపప్పు, మినపప్పు, ధనియాలు, ఆరు పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి తీసేయండి. స్టవ్ కట్టేశాక, ఆ వేడి మూకుట్లోనే ఆకు వేసి గరిటెతో రెండు మూడుసార్లు తిప్పండి. ఆకు వాలిపోగానే పళ్లెంలోకి తీసి పరచండి. మూకుట్లోనే వదిలేస్తే ఇనుము వేడికి ఉడుకుతూనే ఉంటుంది, అక్కడే నలుపు మొదలవుతుంది. కడిగిన ఆకును ముందే గుడ్డ మీద ఆరబెట్టుకోవాలి. ముదురు కాడలు వేయకండి, చేదులో వాటి పాలూ ఉంది.

మా అత్తగారు రోట్లో పప్పులు, మిర్చి, ఉప్పు, ఉసిరికాయంత చింతపండు మెత్తగా నూరి, ఆకును చివర వేసి కచ్చాపచ్చాగా దంచేవారు. ముద్దలో ఆకు పీలికలు కనిపించేవి, అన్నంలో కలుపుకుంటే పంటికి తగిలేవి. మిక్సీలోనైనా ఆకును ఆఖరున వేసి రెండు తిప్పులతో ఆపండి. చింతపండు కలిశాక ముదురాకుపచ్చ రంగు వస్తుంది, అది సహజమే. మర్నాటికి ఇంకాస్త నల్లబడుతుంది కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవడం మేలు.

ప్రశ్న: పిప్పరమెంటు బిళ్లలాంటి చల్లదనం రావాలని మజ్జిగలో పుదీనా ఎక్కువెక్కువ వేసి మిక్సీ పడుతున్నాను. చల్లదనం రాదు సరికదా, గడ్డి వాసన వస్తోంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బిళ్లలో నాలుకను చల్లబరిచేది మెంథాల్. మన బజార్లో మామూలుగా దొరికే పుదీనాలో అది చాలా తక్కువ, దీని వాసనకు మూలం కార్వోన్ అనే వేరే పదార్థం. కాబట్టి గుప్పెడు వేసినా ఆ చల్లదనం రాదు. ఆకు పసరే ఎక్కువవుతుంది. పెద్ద గ్లాసు మజ్జిగకు ఆరేడు ఆకులు చాలు. ఉప్పు, చిన్న అల్లం ముక్క, చిటికెడు వేయించిన జీలకర్రతో కలిపి చిన్న రోట్లో నలగ్గొట్టి, మజ్జిగలో వేసి పది నిమిషాలాగి వడకట్టండి. నిమ్మరసానికైతే ఉప్పు బదులు పంచదారతో నలపండి.

ప్రశ్న: కట్ట తెస్తే సగం కుళ్లిపోతోంది. ఎలా నిలవ చేయాలి?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తేగానే దారం విప్పి, నలిగిన ఆకులు ఏరేయండి. కడగకుండా పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. పచ్చడికి పనికిరాని ముదురు కాడలను పారేయకండి. అడుగు ఆకులు తుంచి గ్లాసుడు నీళ్లలో నిలబెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. కుండీలో నాటి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టండి. వేరే మొక్కలున్న కుండీలో మాత్రం నాటకండి, చోటంతా ఇదే ఆక్రమిస్తుంది. మా పెరటి కుళాయి పక్కనున్న కుండీ అలా రైతుబజారు కాడలతో మొదలైందే.