పన్ను రాయితీల మండలాలతో గ్రామీణ ప్రాంతాలు అభివృద్ధి చెందుతాయా?

వెనుకబడిన గ్రామీణ ప్రాంతాన్ని ప్రత్యేక మండలంగా ప్రకటించి, అక్కడ పెట్టుబడి పెట్టేవారికి పన్ను రాయితీలు ఇచ్చినంత మాత్రాన ఆ ప్రాంతం సాధారణంగా అభివృద్ధి చెందదు. సంస్థ ఖర్చుల్లో పన్ను ఒక భాగం మాత్రమే. సరైన రహదారి, విద్యుత్తు, నైపుణ్యం గల కార్మికులు, అందుబాటులో మార్కెట్ లేనిచోట ఆ ఆదా రవాణా ఖర్చులకే హరించుకుపోవచ్చు, పైగా ఇంకా లాభాలే చూడని కొత్త సంస్థకు లాభాలపై పన్ను మినహాయింపు వల్ల ఒరిగేదేమీ ఉండదు. అమెరికాలో 1994లో ఎంపికైన కెంటకీ హైలాండ్స్ గ్రామీణ మండలానికి రాయితీలతో పాటు 4 కోట్ల డాలర్ల నిధులను కూడా కేటాయించారు, అంటే అక్కడ పన్ను రాయితీల మీదే ఆధారపడలేదు. మండలంలో కనిపించే ఉద్యోగాలన్నీ కొత్తవేనని చాలామంది పొరబడతారు. వాటిలో కొన్ని రాయితీ కోసం పొరుగు ప్రాంతాల నుంచి తరలివచ్చినవి, మరికొన్ని రాయితీ లేకున్నా వచ్చేవే, అయినా లెక్కల్లో అన్నీ మండలం ఖాతాలోకే చేరతాయి.