బ్రిటిష్ నౌకాదళం నావికులను బలవంతంగా ఎందుకు పట్టుకుపోయేది?

ప్రధాన కారణం జీతం. 1653లో ఖరారైన నావికుడి జీతం 1797లో ఇంగ్లాండ్ తీరంలోని స్పిట్‌హెడ్ దగ్గర నావికుల తిరుగుబాటు జరిగేదాకా పెరగలేదు. ఆ కొద్దిపాటి సొమ్ము కూడా నెలల తరబడి బకాయి ఉండేది. యుద్ధం వస్తే వర్తక ఓడలు అంతకంటే చాలా ఎక్కువ ఇచ్చేవి. ఇక రాజుగారి ఓడ ఎవరు ఎక్కుతారు?

అందుకే నావికులను బలవంతంగా సేవలో చేర్చుకునే రాజు హక్కును వాడుకునేవారు. అది మధ్యయుగాల నుంచి వస్తున్నదే. ఒక అధికారి, దుడ్డుకర్రలు పట్టిన కొందరు మనుషులు కలిసి రేవు పట్టణాల్లో మద్యం దుకాణాలు గాలించేవారు. ఈ ముఠాలకే ‘ప్రెస్ గ్యాంగ్’ అని పేరు. తారు మరకల చేతులు, ఎండకు కమిలిన ముఖం, ఓడ మీద అలవాటైన ఊగే నడక చూసి మనిషిని గుర్తుపట్టేవారు. దారినపోయే ప్రతివాడినీ ఎత్తుకుపోయేవారన్నది అతిశయోక్తే. వాళ్లకు కావలసింది సముద్రం పని తెలిసినవాళ్లు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. చాలామందిని పట్టుకున్నది ఊళ్లో కాదు, ఇంటికి తిరిగివస్తున్న వర్తక ఓడల మీద. నెలల ప్రయాణం ముగిసి తీరం కంటికి కనిపిస్తుండగా, నేల మీద కాలు పెట్టకుండానే అటునుంచి అటే యుద్ధనౌకకు తరలించేవారు. భార్యాపిల్లలకు కబురు కూడా అందేది కాదు.

జనం ఊరికే ఊరుకోలేదు. 1747లో, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, ఈ పట్టివేతల మీద కోపంతో అక్కడి బోస్టన్ నగరం మూడు రోజులు అట్టుడికింది. స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా ఓడల నుంచి మనుషులను లాక్కోవడం ఆ దేశానికీ బ్రిటన్‌కూ మధ్య జరిగిన 1812 యుద్ధానికి ఒక ముఖ్య కారణమైంది. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఈ పట్టివేతలు ఆగిపోయాయి. చట్టాన్ని మాత్రం వెంటనే రద్దు చేయలేదు. 1835లో బలవంతపు సేవకు ఐదేళ్ల పరిమితి పెట్టి సరిపెట్టారు.