సెన్సర్‌ని లైటు కింద పెట్టకు తల్లీ

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

కిటికీ పక్కన అరలు బిగించి కొత్తిమీర, పాలకూర వేస్తున్నావనీ, లైట్లు వాటంతటవే వెలిగేలా చేస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా మేనకోడలు అని నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. నీళ్లూ కరెంటూ ఒకే అరలోనా?

వెలుగు కొలిచే సెన్సర్‌కి బీహెచ్1750 అనే చిన్న చిప్పు చాలు. లైట్లను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు ఈఎస్‌పీ32 నుంచి దానికి 3.3 వోల్టులు ఇవ్వు. సెన్సర్ చూపే లక్స్ అనే వెలుగు కొలత మన కంటి లెక్క, మొక్క లెక్క కాదు. ఎరుపు, నీలం లైట్ల కింద తక్కువ చూపిస్తే కంగారుపడకు.

ఇక నేను చేసిన తప్పు విను. మొక్క మీద పడే వెలుగునే కొలవాలి కదా అని ఎల్‌డీఆర్ అనే వెలుగు సెన్సర్‌ని లైటు కిందే, ఆకుల పక్కన పెట్టాను. చీకటి పడగానే లైటు వెలిగేది. ఆ వెలుగే చూసి, తెల్లారిందనుకుని ఆర్పేసేది. మళ్లీ చీకటి, మళ్లీ లైటు. రాత్రంతా లైటును వేసి ఆర్పే స్విచ్చు, అదే రిలే, టక్ టక్‌మంటుంటే బల్లి అనుకుని పడుకున్నాను. లైటు వెలిగిన ప్రతిసారీ దానికి కరెంటు అందించే ఎల్‌ఈడీ డ్రైవరు ఒక్క ఉదుటున కరెంటు లాగుతుంది. అలా లాగీ లాగీ రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. పెళ్లికని ఊరెళ్లి పది రోజులకు వచ్చేసరికి లైటు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది. కొత్తిమీర కాడలు సాగిపోయి, ఆకులు సోంపాకులా సన్నబడి, తెల్ల మొగ్గలు తొడిగాయి. అది పోతే పోయింది. మీ అత్త తడి చేత్తో ట్రే ఎత్తింది. వేడికి వైరు తొడుగు కరిగి ఉందని మాకేం తెలుసు? ఆవిడ చెయ్యి విదిలించుకుని గోడకు ఆనుకుపోయింది. నాకు నోట మాట రాలేదు.

అందుకే సెన్సర్ కిటికీని చూడాలి, లైటు దాని కంట పడకూడదు. నల్ల కాగితం గొట్టంలా చుట్టి తొడుగు. 2,000 లక్స్‌కి తగ్గితే వెలిగించు, 4,000 దాటితేనే ఆర్పు. అదీ ఐదు నిమిషాలు ఆగి చూశాకే, మబ్బు పట్టిన ప్రతిసారీ కాదు. రాత్రి పదింటికి ఆర్పడానికి వేరే టైమర్ ప్లగ్గు పెట్టు. రిలే అతుక్కుపోయినా అది ఆపుతుంది. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, లేకపోతే పని మొదలుపెట్టనే పెట్టొద్దు. ఇందులో మాత్రం నా మాట కాదనకు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను, టెస్టరు తెస్తాను. అప్పటిదాకా 230 వోల్టుల వైర్ల జోలికి వెళ్లకు. మీ అత్త ధనియాలు బద్దలుగా నలిపి పొట్లం కట్టింది, అవీ తెస్తున్నాను.

మీ మామయ్య